ఆరంటే సున్నా

“ఇవాళ ఎవరో వస్తారు. వచ్చేది మంచి కబురుతో మాత్రం కాదు,” అన్నాను, కింద పడిన కత్తి తీసి కడుగుతూ.

కత్తి పడితే ఇంటికి మగమనిషి వస్తాడు, చెంచా పడితే ఆడమనిషి వస్తుంది. మా అమ్మ చెప్పేది, ఆవిడకి వాళ్లమ్మ చెప్పిందట. సగం చెక్కిన బంగాళాదుంప చేతిలో ఉండగానే కత్తి జారి మొన కిందకి పడింది. నా కూతురు జివిలె కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని, వాచిన చీలమండని చన్నీళ్ల బకెట్‌లో పెట్టుకుని ఉంది. నా మాటకి తలెత్తలేదు. మంగళవారం నుంచి శనివారం మధ్యాహ్నం దాకా ఆ పిల్ల నాతో మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఊఁ, వద్దు, తిన్నాను, తర్వాత. అంతే.

మంగళవారం బాస్కెట్‌బాల్ ఆటలో మా పట్నం అమ్మాయిల జట్టు ఒక్క పాయింటు తేడాతో గెలిచింది. ఆఖరి నిమిషంలో, కుంటుతూనే, జివిలె వేసిన బంతితో గెలిచింది. పిల్లని భుజాల మీద ఎత్తుకుని హాలు బయట మంచులో తిప్పారు. గెలిచిన జట్టు క్రిస్మస్‌కి ముందు కౌనాస్‌లో ఆఖరి పోటీలకి వెళుతుంది. అక్కడికి పెద్ద క్లబ్బు కోచ్ వచ్చి చూసి, ఇద్దరినో ముగ్గురినో ఎంచుకుంటుంది. ఎంచుకున్నవాళ్లకి చదువు, హాస్టల్లో గది, తిండి అన్నీ క్లబ్బే చూసుకుంటుంది. జివిలెకి పద్దెనిమిదేళ్లు. వచ్చే ఏటికి అమ్మాయిల జట్టులో ఆడే వయసు దాటిపోతుంది. కౌనాస్ వెళ్లకపోతే నాతోపాటు తెల్లారుజామున నాలుగింటికి లేచి బేకరీకి రావాలి, నల్ల రొట్టె పిండి పిసుక్కుంటూ నాలా నడుం పట్టేసుకుని బతకాలి. నా భయమల్లా అదే.

ఆ గెలుపులో ఊరికి తెలియని సంగతి ఒకటుంది. అది నా ఒక్కదానికే తెలుసని ఈ నాలుగు రోజులూ నమ్ముతూ వచ్చాను.

ఆట ఉన్న రోజుల్లో నేను హాల్లో స్కోరు బల్ల దగ్గర కూర్చుంటాను. బంతి చేతికి వచ్చిన జట్టు ఎంతసేపట్లో బుట్టలో వేయాలో చూపించే గోడ బోర్డు మీట నా చేతిలో ఉంటుంది. ఆ బోర్డు మా ఆయన చేసిందే. లియోనాస్ రేడియో ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పద్నాలుగేళ్ల క్రితం, పారేసిన బల్బులూ తీగలూ ఏరి తెచ్చి వంటింట్లో ఇదే బల్ల మీద అతికించాడు. నేను మీట నొక్కగానే బోర్డు ముప్పై నుంచి వెనక్కి లెక్కపెడుతుంది, సున్నా రాగానే దానంతటదే బూర కొడుతుంది. ముప్పై తప్ప ఇంకో అంకె దానికి నేర్పలేదు. రేపు రూలు మారుతుందని ఎవరనుకున్నారు? లియోనాస్ పోయి ఆరేళ్లయింది. ఆ బోర్డు డబ్బా మూత తీసిన ప్రతి ఎలక్ట్రీషియనూ లోపలికి ఓసారి చూసి, మూత జాగ్రత్తగా మళ్లీ పెట్టేసి వెళ్లిపోయాడు.

ఈ శరదృతువులో రూలు మారింది. సిడ్నీ పోటీల నుంచి మా దేశపు మగవాళ్ల జట్టు కంచు పతకం తెచ్చిన సంబరం ఇంకా చల్లారనే లేదు. రెండు సగాలుగా ఉండే ఆట నాలుగు ముక్కలైంది. బంతి మధ్యగీత దాటడానికి పది సెకన్లుండేవి, ఎనిమిదయ్యాయి. బుట్టలో వేయడానికి ముప్పై ఉండేవి, ఇరవై నాలుగయ్యాయి. ఆరు సెకన్లే కదా అన్నారందరూ, నేనూ అన్నాను. ఆరు సెకన్లంటే పొయ్యిలోంచి రొట్టె తీసి బల్ల మీద పెట్టేంతసేపు.

కానీ మా కోచ్ జెనోనాస్ ఇరవై ఏళ్లుగా నేర్పింది ఒక్కటే. దాన్ని అతను చక్రం అంటాడు. బంతి ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి చేతులు మారుతూ ఉంటుంది, పిల్లలు అవతలివాళ్లకి అడ్డం నిలిచి ఒకరికొకరు దారి ఇస్తారు, రెండు చుట్లు తిరిగేసరికి అవతలి జట్టులో ఎవరో ఒకరు అలిసి అర అడుగు వెనకబడతారు. అప్పుడు వేయాలి. ఆ రెండు చుట్లూ తిరగడానికి ఇరవై ఆరు సెకన్లు పడుతుంది. కొత్త రూలు వచ్చాక ఆ రెండో చుట్టుకి చోటు లేదు. చక్రం సగంలో విరిగిపోయేది, పిల్లలు చేతిలో నిప్పు ఉన్నట్టు బంతిని విసిరేసేవాళ్లు, అది రింగుకు తగిలి బయటపడేది, వెంటనే అందరూ అవతలి కొసకి పరుగు. మళ్లీ ఇవతలికి. నలభై ఐదు, నలభై ఎనిమిది దగ్గర ముగిసే ఆటలు డెబ్బై దాటడం మొదలైంది. కుర్రకారుకి నచ్చింది. ముందు వరసలో కూర్చునే ముసలాళ్లు మాత్రం తిట్టుకోవడానికి కూడా తీరిక దొరకడం లేదని గొణిగేవాళ్లు. సిగరెట్టుకి ఒక్కసారి వెళ్లేవాళ్లు ఇప్పుడు మూడుసార్లు బయల్దేరి, మూడుసార్లూ ముట్టించీ ముట్టించకుండానే వెనక్కి రావాల్సి వచ్చేది.

అందరికంటే ఎక్కువ దెబ్బ తిన్నది నా కూతురు. జివిలెది పరుగెత్తే ఆట కాదు, చూసే ఆట. బంతి పట్టుకుని నిలబడి, ఎవరు ఎక్కడికి వెళ్లబోతున్నారో వాళ్లకంటే ముందు చూస్తుంది. దానికి సమయం కావాలి. అక్టోబరులో ఒక ఆటలో తొమ్మిదిసార్లు బంతి పోగొట్టుకుంది. ఆ రోజు ఇంటికొచ్చి బూట్లు విప్పకుండానే నేల మీద కూర్చుంది. “నా తలలో ముప్పై ఉందమ్మా. దాన్ని ఎక్కడ కోసెయ్యాలో తెలియడం లేదు,” అంది. నాకేం తెలుసు చెప్పడానికి? బీట్‌రూట్ సూప్ వేడి చేసి పెట్టాను.

పాత హాళ్లు కొత్త బోర్డులు పెట్టుకోవడానికి లీగ్ ఆఫీసు కొత్త సంవత్సరం దాకా గడువిచ్చింది. అప్పటిదాకా మా హాల్లో ఒక ఏర్పాటు చేసుకున్నాం. బోర్డు ఎప్పటిలాగే ముప్పై నుంచి లెక్కపెడుతుంది. అది ఆరు చూపించగానే నేను చేత్తో బూర నొక్కాలి. ఆరు వచ్చిందంటే సమయం అయిపోయినట్టే. “ఆరంటే సున్నా” అని ప్రతి ఆటకి ముందు జెనోనాస్ పిల్లల చేత మూడుసార్లు అనిపించేవాడు. వచ్చిన జట్టుకీ రిఫరీలకీ ముందే చెప్పేవాళ్లం. వాళ్లు నవ్వుకునేవాళ్లు, కానీ ఒప్పుకునేవాళ్లు. నవంబరంతా నేను ఒక్కసారి కూడా తప్పలేదు. బేకరీలో పిండి పిసుకుతూ కూడా ఆరు, ఆరు అని అనుకునేదాన్ని.

సోమవారం గిన్నెలు తుడుస్తూ జివిలె నవ్వులాటకి అన్నట్టు ఒక మాట అంది. “అమ్మా, రేపు ఒక్కసారి నీ వేలికి నిద్రపడితే ఏమవుతుంది?” తడిగుడ్డతో వీపు మీద ఒకటిచ్చాను. అలాంటి మాటలు నోట్లో కూడా రానివ్వకు, వింటే మీ నాన్న సమాధిలోంచి లేచొస్తాడు అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

కత్తి పడి పావుగంట కాలేదు, తలుపు చప్పుడైంది.

ఎద్ముందాస్ వచ్చారు. మంగళవారం ఆటకి పెద్ద రిఫరీ ఆయనే. లియోనాస్‌కి చిన్నప్పటి స్నేహితుడు, శవపేటిక మోసిన ఆరుగురిలో ఒకరు. జివిలెకి జ్ఞానస్నానం నాడు జ్ఞానతండ్రిగా కొవ్వొత్తి పట్టుకున్నది కూడా ఆయనే. టోపీ మీద మంచు దులుపుకుని, గుమ్మం దగ్గర బూట్లు విప్పి, మేజోళ్లతో లోపలికొచ్చారు. చేతిలో వార్తాపత్రికలో చుట్టిన వీడియో క్యాసెట్, జేబులోంచి బయటికి కనిపిస్తున్న పొడుగాటి కవరు. కాఫీ పోసి, గసగసాల రొట్టె కోసి పెట్టాను. కాఫీ తాగారు. రొట్టె ముట్టుకోలేదు. నా చేతి గసగసాల రొట్టె ఆయన ముట్టుకోకపోవడం అదే మొదటిసారి.

ఓడిన జట్టు ఫిర్యాదు పెట్టిందని చెప్పారు. జివిలె బంతి వేసేసరికి సమయం దాటిపోయిందనీ, బల్ల దగ్గర తల్లిని కూర్చోబెట్టారనీ రాశారట. తల్లి సంగతిలో తప్పు తనదేననీ, నా మీద నమ్మకంతో అభ్యంతరం చెప్పలేదనీ అన్నారు. సోమవారానికల్లా ఆయన నివేదిక వెళ్లాలి, దాంతోపాటు నేను సంతకం చేసిన మాట కూడా. అటువైపు ఓ పిల్ల తండ్రి కెమెరా తెచ్చి ఆట తీశాడు. ఆయన చేతిలో ఉన్న క్యాసెట్ అదే.

జివిలె బకెట్‌లోంచి కాలు తీసి, తుడుచుకోకుండానే గోడ పట్టుకుని ముందు గదిలోకి వచ్చింది. పిలవలేదు, అదే వచ్చింది. కాలు నేల మీద పెట్టకు, చలి పట్టి లోపలికి పోతుంది అన్నాను. వినలేదు.

క్యాసెట్ పెట్టాం. బొమ్మ వణుకుతోంది. కెమెరా పట్టుకున్నాయన టేపు పొదుపు చేసుకోవడానికి బంతి మా వైపు వచ్చిన కాసేపటికి కానీ మీట నొక్కలేదు. చక్రం అప్పటికే తిరుగుతోంది. బంతి ఎడమకి, కుడికి, మళ్లీ ఎడమకి. ప్రేక్షకులు కాళ్లతో నేల తన్నుతున్నారు, మాట ఒక్కటి కూడా వినపడదు. రెండో చుట్టు. అవతలి పొడుగుపిల్ల అర అడుగు వెనకబడింది. జివిలె ఎగిరింది. బంతి లోపలికి వెళ్లింది, బొమ్మ తలకిందులైంది, అక్కడితో టేపు అయిపోయింది.

బొమ్మ మొదలైన దగ్గర్నుంచి బంతి చెయ్యి వదిలేదాకా పంతొమ్మిది సెకన్లని ఎద్ముందాస్ చెప్పారు. స్టాప్ వాచీ పెట్టి నాలుగుసార్లు చూశారట. అంతకుముందు ఎన్ని సెకన్లు గడిచాయో టేపు చెప్పదు. ఐదు కంటే తక్కువైతే గెలుపు మాదే. ఐదైనా చాలు, గెలుపు పోతుంది. మా బోర్డు గోడకి చాలా ఎత్తున ఉంటుంది కాబట్టి బొమ్మలో ఎక్కడా పడలేదు.

పడలేదు అన్న మాట వినగానే నా గుండె కొంచెం కుదుటపడింది. దాచడం ఎందుకు, పడింది.

ఆయన కప్పు పక్కన పెట్టి నా వైపు తిరిగారు. “మంగళవారం బల్ల దగ్గరికొచ్చి నిన్నే అడిగాను, గేనె. నేను రింగు కింద చేతులు చూస్తున్నాను, బోర్డు చూడలేదు. సమయానికే వేసిందా అంటే, సమయానికే అన్నావు. ఇప్పుడు మళ్లీ అదే అంటే నేను అదే రాసి సంతకం పెడతాను. ముప్పై ఏళ్ల నా విజిల్ నీ మాట మీద పెడుతున్నాను. ఆలోచించి చెప్పు.”

ఆలోచించడానికేముంది? నాలుగు రోజులుగా నేను చేస్తున్న పని అదొక్కటే.

మంగళవారం మూడో ముక్కలో జివిలె చీలమండ మడతపడింది. ఆఖరి నిమిషం మొదలయ్యేసరికి ఒక పాయింటు వెనకున్నాం. బంతి మాకొచ్చింది, నేను మీట నొక్కాను, ముప్పై మొదలైంది. ఇక ఆ తర్వాత బోర్డు వైపు చూడలేదు. పిల్ల కాలు చూశాను. ఆ కాలు మీద బరువు వేసినప్పుడల్లా ఎముక విరిగిన చప్పుడు వినపడుతుందేమోనని చెవులు రిక్కించి కూర్చున్నాను. పద్నాలుగేళ్లు ఆ బోర్డు దానంతటదే బూర కొట్టింది, ఆ అలవాటు నా వేలిలో ఉండిపోయింది. అది కొడుతుందిలే అని వేలు నిద్రపోయింది. బంతి లోపల పడ్డాక తలెత్తి చూస్తే బోర్డు మీద రెండు. రెండు కాస్తా ఒకటవుతోంది. మీట నొక్కి చెరిపేశాను. అవతలి కోచ్ అరుస్తూ వచ్చింది, దానికి ముందే ఎద్ముందాస్ వచ్చారు, సమయానికేనా అన్నారు. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. రొట్టె మాడిందా అని మేస్త్రీ అడిగితే లేదు అన్నంత సులువుగా వచ్చేసింది. తర్వాత వాళ్లు వేసింది రింగు అంచుకు తగిలి బయటపడింది. గెలిచాం.

ఇప్పుడు నిజం చెబితే ఏమవుతుందో అంతా నా కళ్ల ముందు కనిపించింది. గెలుపు పోతుంది. కౌనాస్ పోతుంది. జెనోనాస్‌ని పంపించేస్తారు. పేపర్లో పేరు వేస్తారు. బేకరీలో ఆడవాళ్లు నేను రాగానే మాట మార్చేస్తారు. ఈ పిల్ల జీవితాంతం పిండి తొట్టి ముందు నిలబడుతుంది, ప్రతి తెల్లారీ నన్ను చూస్తుంది. చెప్పకపోతే, చెప్పకపోతే ఏమవుతుంది? ఓ ముసలాయన అబద్ధం మీద సంతకం పెడతారు. అంతేగా.

“సమయానికే,” అన్నాను. “ఆరు పడకముందే బంతి చెయ్యి వదిలింది.”

ఎద్ముందాస్ నన్ను చూశారు. కోపంగా కాదు. సమాధి మీద మట్టి వేసేటప్పుడు చూసినట్టు చూశారు. తర్వాత లేచి, మోకాళ్ల మీద టీవీ ముందు కూర్చుని, టేపు వెనక్కి తిప్పారు. ఓ చోట ఆపారు.

బొమ్మలో జివిలె బంతి రెండు చేతుల్లో పట్టుకుని ఉంది. ఎగరడానికి రెప్పపాటు ముందు. ముఖం కెమెరాకి ఎదురుగా ఉంది. చూపు మాత్రం రింగు వైపు లేదు, పొడుగుపిల్ల వైపూ లేదు. ఎక్కడో పైకి ఉంది.

“ఇది వాళ్లింకా పట్టుకోలేదు,” అన్నారాయన. “నేను పట్టుకున్నాను. ఆ గోడకి అంత ఎత్తున లియోనాస్ డబ్బా తప్ప ఇంకేం లేదు, గేనె. ఒక్క మేకు కూడా లేదు.”

ఆయన నేల మీదే కూర్చుని తల తిప్పి నా కూతుర్ని చూశారు. నేను వెంటనే అడ్డం వెళ్లాను. దానికి కాలు నొప్పి, జ్వరం వచ్చేలా ఉంది, నాలుగు రోజులుగా సరిగ్గా తినలేదు, దాన్నెందుకు అడుగుతారు, బల్ల దగ్గర కూర్చున్నది నేను కదా అన్నాను. మీరు దానికి మామయ్య వరస, దాని బతుకు మీదికి మీరే వస్తారా అని కూడా అన్నాను.

“మామయ్యగా అయితే అడగను. నీ రొట్టె తినేసి, క్యాసెట్ పొయ్యిలో పడేసి వెళ్లిపోతాను. రిఫరీగా అడుగుతున్నా.” ఆయన గొంతు పెంచలేదు. “అమ్మాయ్, పైకి చూశావు కదా. బోర్డు మీద ఎంతుంది?”

జివిలె గోడకి వీపు ఆనించి నిలబడి ఉంది. వాచిన కాలు నుంచి నీళ్లు కారి చెక్క నేల మీద చిన్న మడుగు కట్టాయి. ఆపిన బొమ్మ టీవీలో వణుకుతూనే ఉంది, పిల్ల ముఖం మీద ఒక తెల్లగీత పైకీ కిందకీ పాకుతోంది. వంటింట్లో దుంపల నీళ్లు పొంగి పొయ్యి మీద పడి సుయ్యిమన్నాయి. తెలియదు అనమ్మా అని మనసులో వేడుకున్నాను. గుర్తులేదు అను. కాలు నొప్పికి కళ్లు తేలేశాను అను. ఏదో ఒకటి అను.

నా తలలో లెక్క మొదలైంది. ఇన్నేళ్ల అలవాటు, నిశ్శబ్దం వస్తే చాలు, లెక్కపెట్టుకుంటూ పోతుంది. పది. పదిహేను. ఎద్ముందాస్ తల దించలేదు. ఇరవై నాలుగు దాటింది. ముప్పై దాటింది. అక్కడ కొట్టాల్సిన బూర ఏ గోడ మీదా కొట్టలేదు. నేను లెక్క మరిచిపోయి మళ్లీ మొదటికి వచ్చాను.

అప్పుడు జివిలె నా వైపు చూసింది. మంగళవారం తర్వాత నా కళ్లలోకి చూడటం అదే మొదటిసారి. ఆ చూపులో నేను భయపడిన ఏడుపు లేదు. కోపం కూడా లేదు. ఏదో రహస్యం ఇద్దరం కలిసి దాచుకున్నామనీ, ఇక మొయ్యలేననీ చెబుతున్నట్టు చూసింది.

“మూడు,” అంది ఎద్ముందాస్‌తో, చూపు నా మీంచి తిప్పకుండా. “చూసే వేశాను, మామయ్యా. అమ్మ నొక్కదని నాకు తెలుసు.”